సముద్రానికి సున్నం

వడమాలపేట చుట్టుపక్కల గుల్ల సున్నం కాల్చే ఇళ్ళు ఒకప్పుడు చాలా ఉండేవి. ఇప్పుడు సుబ్బన్న ఒక్కడే మిగిలాడు. సముద్రపు ఒడ్డు నుంచి లారీలో వచ్చే గుల్లల్ని, అంటే ఎప్పుడో చచ్చిన ఆల్చిప్పల్నీ నత్తచిప్పల్నీ, బొగ్గుతో కలిపి పొరలు పొరలుగా బట్టీలో పేర్చి కాలుస్తాడు. కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే బుసబుసమని పొంగి, పగిలి, తెల్లటి పిండై కూర్చుంటుంది. ఆకూ వక్కా అమ్మేవాళ్ళు, గోడలకు వెల్ల వేసుకునేవాళ్ళు, రొయ్యల గుంటలవాళ్ళు ఒకప్పుడు ఆ సున్నం కోసం అతని ఇంటి ముందు నిలబడేవారు. రంగు డబ్బాలొచ్చి వెల్లను తరిమేశాయి. రొయ్యలవాళ్ళు కంపెనీ బస్తాలకు మరిగారు. అయినా సుబ్బన్న అడపాదడపా బట్టీ రాజేస్తూనే ఉండేవాడు. వేరే పని చేతకాక కాదు, చేయబుద్ధి కాక.

ఆ బట్టీ పొగలోనే అతని ఒక్కగానొక్క కూతురు రెబెకా పెరిగింది. బడి నుంచి వచ్చి గుల్లల కుప్ప మీద కూర్చుని, బాగున్నవి ఏరి వరసగా పెట్టుకుని, ఇది ఏ పురుగుది, అది ఏ పురుగుది అని తండ్రిని పీడించేది. సుబ్బన్నకు తెలిస్తే కదా! "సముద్రంలో పురుగు" అనేవాడు. ఆ పిల్ల ఆ పురుగుల చదువే చదివింది. ఇప్పుడు తిరుపతిలో ఒక పరిశోధన షెడ్డులో ఆల్చిప్పల పిల్లల్ని పుట్టించి పెంచే పని చేస్తోంది. కొండ కింది ఊరికి ట్యాంకరులో సముద్రపు నీళ్ళు వస్తాయి. వాటిని వడగట్టి తొట్లలో నింపుతారు. తల్లి చిప్పల చేత గుడ్లు పెట్టించి, పిల్లలు గోరంత అయ్యాక తీరంలో ఉన్న ఆడవాళ్ళ సంఘాలకు ఇస్తారు. వాళ్ళు తాళ్ళకు కట్టి ఉప్పు కాలవలో వేలాడదీసి పెంచి అమ్ముకుంటారు. పని పేరు వినడానికి బాగుంది. జరగడమే జరగడం లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చిన రెబెకా అన్నం కంచం ముందు పెట్టుకుని మెతుకు ముట్టలేదు. సుబ్బన్న భార్య వంక చూశాడు.

"ఏందిమే, పాప ఎందుకట్ల ఉండాది?"

"నన్నడిగితే నాకేం తెలుసు?" అంది గంగులమ్మ. "ఎవురో సచ్చిపోయినట్టు లోలోపల ఏడ్సుకుంటాండాది. ఎవురమ్మా అంటే ఆల్చిప్పలంటాది. నువ్వే కనుక్కో."

రెబెకా తల ఎత్తింది. "నిజంగానే సచ్చిపోయినాయి నాయనా. లక్షల్లో పుట్టినాయి. మర్సటి దినం సూస్తే తొట్టి అడుగున పొట్టు మాదిరిగా పడిపోయుండాయి. ముందు రెండుసార్లూ ఇట్లనే."

"నీళ్ళు సెడిపోయుంటాయి."

"నీళ్ళు మళ్ళా వడగట్టినాం. తొట్లు కడిగినాం. తల్లిచిప్పల్ని మార్సినాం. ఏదన్నా క్రిమి ఉండాదేమోనని మా షెడ్డు పెద్దాయన జయరావు సార్ అన్ని పరీక్షలూ చేయించినాడు. ఏమీ లేదు. నీళ్ళే పులిసిపోతాండాయి."

సుబ్బన్నకు నవ్వొచ్చింది. "సముద్రం ఉప్పగా ఉంటాది గానీ పుల్లగా యాడుంటాది పాపా?"

"మన నోటికి తెలిసే పులుపు కాదు నాయనా. వాటికి తెలుస్తాది." ఆమె కంచం పక్కకు జరిపింది. "బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ, కరెంటు కోసం కాల్చే బొగ్గు పొగ, అంతా గాలిలోకే గదా పోతాది. అందులో రొంత సముద్రం పీల్చుకుంటాది. గోళీ సోడాలో గ్యాసు పట్టిస్తే నీళ్ళు నాలికి మీద సుర్రుమంటాయే, అట్ల. మన తాతల కాలం నుంచీ పీలుస్తానే ఉండాది. రొంత రొంతగా పులుస్తానే ఉండాది."

"దానికీ పిల్లలు సచ్చిపోయేదానికీ ఏం సంబంధం?"

"గుడ్డులో నుంచి వచ్చిన పిల్లకు తల్లి కట్టిచ్చిన సద్ది రొంతే ఉంటాది నాయనా. ఆ సద్ది అయిపోయే లోపల అది చిప్ప కట్టుకోవాల. చిప్ప కట్టుకున్నాకనే మేత తినగలిగేది. కట్టుకునే సున్నం నీళ్ళల్లో ఉండాది గానీ, ఈ పులుపు దాన్ని చేతికి అందనీదు. పాకులాడి పాకులాడి దాని సద్దంతా అయిపోతాది. గోడ సగంలో ఉండంగానే ప్రాణం పోతాది."

సుబ్బన్న నవ్వు ఆగిపోయింది. చదువుకున్నవాళ్ళ మాటలు అతనికి సగం సగమే అర్థమవుతాయి కానీ, ఇది పూర్తిగా అర్థమైంది. సున్నపు గచ్చు మీద చింతపులుసు ఒలికితే ఏమవుతుందో అతనికి తెలియనిది కాదు. అప్పటికప్పుడు తుడిచేసినా, నున్నటి గచ్చు గరుకుదేలి అక్కడ మచ్చ పడిపోతుంది. అలాంటి పులుపులో గోడ కట్టుకోమంటే పసిగుడ్డు ఎలా కట్టుకుంటుంది?

తర్వాత రెబెకాయే అడిగింది. "నాయనా, మన సున్నపు తేట రొంత కావాల. తొట్టిలో కలిపితే పులుపు విరుగుతాది. సార్ వేరే మందు తెప్పిస్తా అన్నాడు, అది వచ్చేదానికి నిండా రోజులు పడతాది. ఈలోపల మళ్ళా గుడ్లు పెట్టిస్తాండాం."

"దానికి అడగాల్నా?" అన్నాడు సుబ్బన్న. ఇన్నేళ్ళలో కూతురు అతని సున్నాన్ని ఒకదానికి పనికొస్తుందని అడగడం అదే మొదటిసారి. అతను లేచి వెళ్ళి బట్టీ పక్కన పొడిగా దాచిన మంచి సున్నం చూసుకున్నాడు. ఆ పూట రెబెకా రెండు ముద్దలు తింది.

తేట నీళ్ళ క్యాన్లతో సుబ్బన్న తానే బస్సెక్కి తిరుపతి పోయాడు. రేకుల షెడ్డు లోపల అడుగు పెట్టగానే ఉప్పు వాసన, చల్లదనం, మోటార్ల గుయ్‌మనే రొద. జయరావు సార్ నెరిసిన జుట్టు మనిషి, రిటైరయ్యే వయసుకు దగ్గరపడ్డవాడు. అతను కుర్చీ తెప్పించి, "కూర్చో సుబ్బన్నా, ఇంకేం, నీ సున్నమే దిక్కు మాకు" అన్నాడు. ఎగతాళి కాదు. అలసిపోయిన మనిషి నిజంగా అన్న మాట.

రెబెకా తేటను కొత్తగా గుడ్లు పెట్టించిన తొట్టిలోకి కొద్దికొద్దిగా వదులుతూ, చేతిలో ఉన్న మీటరు చూసుకుంటూ నిలబడింది. పులుపు విరిగేకొద్దీ అందులో అంకె ఎక్కుతుంది. ఒక్కసారిగా పోస్తే సున్నమే విషమవుతుందని చెప్పింది. సుబ్బన్న పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి అతను వడమాలపేటకు తిరిగి రాలేదు. జయరావు సార్ వద్దంటున్నా షెడ్డు వరండాలోనే తుండు పరుచుకుని పడుకున్నాడు.

తెల్లవారాక రెబెకా అతన్ని చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు దగ్గరకు లాక్కుపోయింది. "ఒక కన్ను మూసుకుని సూడు నాయనా."

మొదట అతనికి తన కంటి రెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుతురు కుదురుకుంది. ఆ వెలుతురులో అద్దాల్లాంటి బిళ్ళలు, సగం చందమామల్లాంటివి, గిరగిరా తిరుగుతున్నాయి. ఒక్కోదాని అంచున సన్నటి నూగు కదులుతోంది. ఆ సగం చందమామలే చిప్పలు. కట్టేసుకున్నాయి. గోడలు కట్టేసుకుని నోరు తెరిచి తింటున్నాయి.

"ఇవన్నీ బతికుండాయా?"

"అన్నీ" అంది రెబెకా.

సుబ్బన్న కన్ను తీయలేదు. జీవితమంతా చచ్చిన చిప్పల్ని కాల్చినవాడు, బతికిన చిప్ప పుట్టుకను చూస్తున్నాడు. ఆ సంగతి అతను గంగులమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వీధిలో ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. వినేవాళ్ళు తల ఊపి, వెళ్ళిపోయి, "సుబ్బన్నకు ముసలితనం వచ్చేసినాది" అనుకున్నారు. అతనికి అది పట్టలేదు.

పిల్లలు గోరంత అయ్యాక వాటిని తడిగోనెల్లో చుట్టి మట్టిపాలెం తీసుకుపోయారు. తడ దాటి ఇంకా తూర్పుకు పోతే, సముద్రం లోపలికి పొడుచుకొచ్చిన ఉప్పు కాలవ ఒడ్డున ఉంది ఆ పల్లె. సుబ్బన్న కూడా బయలుదేరాడు. అక్కడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద గ్రేసీ. నలభై దాటిన మనిషి, ఎండకు మాడిన ముఖం, మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి నీళ్ళలో దిగితే మగవాడికి తీసిపోదు. కాలవలో పీతలూ రొయ్యలూ తగ్గిపోయాక ఆమె మొగుడు చెన్నై పక్కన కట్టడం పనులకు పోయాడు. ఆమె పోలేదు.

"మా అమ్మ ఈ కాలవలోనే చిప్పలు ఏరి మమ్మల్ని సాకినాది పెద్దాయనా" అంది సుబ్బన్నతో. "చెయ్యి పెడితే చిప్ప తగిలేది అప్పుడు. ఇప్పుడు బురద తగల్తాది. మీ పాప వచ్చి మళ్ళా పెంచుదాం అనింది. ఆ పాప మాట మీదనే ఇంతమందిమి దిగినాం."

వాళ్ళు తాళ్ళకు చిప్పపిల్లల్ని కట్టి, వెదురు దడికి వేలాడదీస్తుంటే సుబ్బన్న ఒడ్డున కూర్చుని చూశాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు వెక్కిరించుకుంటూ, నీళ్ళు చల్లుకుంటూ పని చేశారు. తొట్టిలో గండం గడిచింది, ఇంక భయం లేదనుకున్నాడు అతను. రెబెకా మాత్రం వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కాలవ నీళ్ళలో మీటరు ముంచి చూసుకుంటూనే ఉంది. ఆ ముఖంలో ఏముందో తండ్రి అప్పుడు గమనించలేదు.

వానలు పోయి ఎండలు ముదిరే రోజుల్లో గ్రేసీ ఫోన్ చేసింది. రెబెకా ఇంట్లోనే ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. "వస్తాం అక్కా" అని మాత్రమే చెప్పి పెట్టేసింది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ పోయారు.

గ్రేసీ ఒక తాడు పైకి లాగి ఒడ్డున పరిచింది. ఆ తాడుకు ఉండాల్సినన్ని చిప్పలు లేవు. ఉన్నవాటిలో సగం నోళ్ళు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. సుబ్బన్న ఒకటి చేతిలోకి తీసుకుని వేలితో నొక్కాడు. అది వేయించిన అప్పడంలా పుటుక్కున విరిగిపోయింది. మళ్ళీ ఒకటి నొక్కాడు. అదీ అంతే. అతని చేతుల గుండా పోయిన గుల్లలు ఎన్ని లారీలో ఆ దేవుడికే తెలియాలి. సుత్తి పెట్టి కొడితే గానీ పగలని గుల్లలు అవి. ఇవేం గుల్లలు?

"సూడు పాపా" అంది గ్రేసీ. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మేము తప్పేమన్నా చేసినామా? నువ్వు చెప్పినట్టే కట్టినాం. బురద కడిగినాం. పీతలు పట్టకుండా వల కట్టినాం. యాడ తప్పు జరిగినాది?"

"మీ తప్పేమీ లేదక్కా" అంది రెబెకా.

"మడి ఎవురిది ఆ తప్పు?"

రెబెకా మీటరు కాలవలో ముంచింది. ఈ కాలంలో సముద్రం అడుగు నీళ్ళు పైకి తోసుకొస్తాయని, అడుగు నీళ్ళు ఇంకా పులుపని, కాలవలో కుళ్ళే చెత్త దానికి తోడవుతుందని చెప్పింది. తొట్టిలో పులుపు విరిచి పెంచిన పిల్లల్ని, విరగని పులుపులో తెచ్చి వేశామని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో సుబ్బన్న బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. రేణిగుంట దాటుతున్నప్పుడు అన్నాడు: "తొట్టికి ఏసిన మందే కాలవకు ఏస్తే?"

"ఎయ్యగూడదు నాయనా. అది కాలవ, తొట్టి కాదు."

"రొంత పెద్ద తొట్టి. అంతే గదా?"

రెబెకా కళ్ళు మూసుకుంది. ఆమెకు నిద్ర పట్టిందనుకున్నాడు. పట్టలేదు.

సుబ్బన్న ఎవరికీ చెప్పకుండా గుల్లలు పోగు చేశాడు. లారీలు రావడం ఎప్పుడో పలచబడింది. పెరట్లో మిగిలిన కుప్ప, మూతబడ్డ పాత బట్టీల చుట్టూ మట్టిలో పడి ఉన్నవి, అన్నీ ఏరి తెచ్చాడు. గంగులమ్మ మొదట తిట్టింది. తర్వాత కొంగు బిగించి తానూ ఏరింది. బట్టీ నిండుగా పేర్చి రాజేశారు. అంత నిండు బట్టీ ఆ వీధివాళ్ళు చూసి చాలా ఏళ్ళయింది. పొగ వాసనకు కొందరు తలుపులు వేసుకున్నారు. కాలి, చల్లారి, పొడి అయిన సున్నాన్ని సంచులకెత్తి, టమోటాలు తోలే చిన్న వ్యాను మాట్లాడుకుని, తిరుపతిలో షెడ్డు ముందు ఆపాడు.

రెబెకా బయటికొచ్చి వ్యాను చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏంటికి నాయనా ఇదంతా?"

"నడు, పోదాం. మొత్తం సముద్రానికి గాకపోయినా ఆ కాలవ కాడికన్నా ఏద్దాం."

"నిలవదు నాయనా. నీకెట్ల చెప్పేది? పోటు వస్తే అంతా కొట్టుకుపోతాది."

"పోటు వచ్చే లోపల అవి రొంత గోడ కట్టుకుంటాయేమో!" అన్నాడు సుబ్బన్న. "నువ్వే గదా చెప్పినావు, వాటికి సద్ది రొంతేనని. మనం పోసే ఆ రొంతసేపన్నా వాటికి సులువైతే సాలదా?"

ఆ మాటకు రెబెకా కళ్ళు తిప్పుకుంది. లోపలికి పోయి జయరావు సార్‌తో ఏం మాట్లాడిందో ఏమో, ఆయన బయటికి వచ్చి సంచుల మీద చెయ్యి వేసి, "పోయి రండి. దండగే. కానీ పోయి రండి" అన్నాడు. ఆయనకూ ఆశ చావలేదు. చదువు ఆశను చంపుతుందనుకుంటారు కానీ, చంపదు. దాచిపెట్టుకోవడం మాత్రం నేర్పుతుంది.

మట్టిపాలెంలో ఆటు చూసుకుని పని మొదలుపెట్టారు. నీళ్ళు కదలకుండా నిలిచే ఆ కొద్దిసేపు చూసుకోవాలని గ్రేసీ చెప్పింది. కాలవ మూతికి అడ్డంగా టార్పాలిన్ పట్టలు కట్టారు. రెబెకా లెక్క కట్టి ఇంత మించి వద్దని గట్టిగా చెప్పింది. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు చుట్టుకుని, సున్నాన్ని నీళ్ళలో కలిపి, చేటలతో, బక్కెట్లతో తాళ్ళ చుట్టూ పలచగా చల్లారు. కాలవ పాలు ఒలికినట్టు తెల్లబడింది. సుబ్బన్న నడుము లోతున నిలబడి, చేతులతో నీళ్ళు కలుపుతూ ఉండిపోయాడు. సున్నం అతని చేతి పగుళ్ళలో దూరి మంట పుట్టిస్తోంది. అది అతనికి ఎప్పటి నుంచో తెలిసిన మంటే.

"ఎక్కినాది!" అని రెబెకా మీటరు చూసి అరిచింది. "నాయనా, ఎక్కినాది!"

ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఒకామె నీళ్ళలోనే చేతులెత్తి స్తోత్రం చెప్పింది. గ్రేసీ సుబ్బన్న భుజం తట్టి, "నువ్వే మా వైద్యుడివి పెద్దాయనా" అంది. ఆ మధ్యాహ్నం కాలవ ఒడ్డున అందరూ కూర్చుని చేపల పులుసూ అన్నమూ తిన్నారు. సుబ్బన్న ఆకలి తీరేదాకా తిన్నాడు. అలా తిని ఎంత కాలమైందో!

తింటుండగానే ఎవరో చూపించారు. దడి దగ్గర, సున్నం సరిగ్గా కలవక ముద్దలు నిలిచిన చోట, సన్న చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మొదట గుప్పెడు. తర్వాత ఇంకా. వాటి మొప్పలు తెల్లగా ఉడికినట్టున్నాయి. ఒకామె లేచి చేతి వలతో వాటిని తీసి ఒడ్డున పోసింది.

పొద్దు పడమటికి వాలేసరికి పోటు మొదలైంది. పట్టలు కాసేపు ఉబ్బి, ఆపి, ఒక మూల తెగాయి. పచ్చటి సముద్రపు నీళ్ళు లోపలికి దూసుకొచ్చాయి. పాలలాంటి తెలుపు చారలు చారలుగా విడిపోయి, పలచబడి, ఎటు పోయిందో తెలియకుండా పోయింది. రెబెకా నీళ్ళలో దిగి మీటరు ముంచింది. పొద్దున దిగినప్పుడు ఎంత చూపిందో, అంతే చూపింది.

సుబ్బన్న ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూశాడు. అటు చివర కనపడలేదు. అతనికి అప్పటిదాకా తోచని ఒక ప్రశ్న తోచింది.

"పాపా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఈ పులుపు పొగ వల్లనే గదా అంటివి. మన బట్టీ పొగ గూడానా?"

రెబెకా తడి చీర పిండుకుంటూ ఆగింది. "మనదెంత నాయనా! గోరంత. ఆ పెద్ద పెద్ద ఫ్యాక్టరీల ముందు మనదొక పొగేనా?"

"నేనడిగింది అది కాదు."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, చిన్నప్పటి నుంచీ. "గుల్ల కాలిస్తే దాంట్లో నుంచి ఆ గాలే బయటికొస్తాది నాయనా. బొగ్గు నుంచి ఇంకా రొంత. ఈ పొద్దు మనం పోసిన సున్నం ఎంత పులుపు విరుస్తాదో, దాన్ని కాల్చేటప్పుడు అంతే... ఇంకా రొంత జాస్తే గాలిలో కలిపినాం."

"తెలిసే తెచ్చినావా నన్ను?"

"తెలుసు నాయనా."

"మడి ఏల చెప్పలేదు?"

"నీ ముఖం సూసి చెప్పలేకపోతి" అంది రెబెకా. "అదీగాక, నాగ్గూడా పోసి సూడాలనిపించింది."

సుబ్బన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. చేతికి అంటిన సున్నం ఆమె జుట్టుకు అంటుకుంది. వెనక గ్రేసీ ఆడవాళ్ళతో కలిసి తాళ్ళు ఒక్కొక్కటే పైకి లాగుతోంది. మిగిలిన చిప్పలు తినడానికన్నా పనికొస్తాయేమోనని చూస్తున్నారు. వాటిలో మాంసం వేలి గోరంత కూడా లేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ ఏడాది మళ్ళీ పిల్లల్ని పుట్టించారు, తొట్టిలో బాగానే పెరిగాయి. వేరే చోట వేశారు, అక్కడా నిలవలేదు. జయరావు సార్ రిటైరయ్యాడు. పరిశోధనకు పైవాళ్ళు పొడిగింపు ఇవ్వలేదు. తొట్లు ఎండబెట్టి షెడ్డుకు తాళం వేశారు. రెబెకా ఇక్కడా అక్కడా అడిగి, చివరికి రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో నీళ్ళ పరీక్ష చేసే ఉద్యోగంలో చేరింది. అక్కడ ఆమె పని, ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు నిబంధనకు లోబడి ఉన్నాయో లేదో చూడడం. లోబడే ఉండేవి. ఆమె ఉన్నాయని రాసేది.

సుబ్బన్న బట్టీ మళ్ళీ రాజేయలేదు. సముద్రం మీద జాలితో మానేశాడని గంగులమ్మ చర్చిలో చెప్పేది. అతను మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కాల్చేదానికి గుల్లలు యాడుండాయిమే? ఉంటే కాలుద్దునేమో" అనేవాడు. ఆ "ఏమో" అన్నప్పుడు అతని గొంతు తగ్గిపోయేది.

మట్టిపాలెం సంఘం చెదిరిపోయింది. కొందరు రొయ్యల గుంటల్లో కూలికి పోయారు. గ్రేసీ తిరుపతి వచ్చింది. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పని రెబెకాయే చూసిపెట్టింది. కొండకు వచ్చేవాళ్ళకు కొదవ లేదు కాబట్టి దుప్పట్లకూ కొదవ లేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక రెబెకా ఆమెను వడమాలపేటకు అన్నానికి పిలుచుకొచ్చింది. గ్రేసీ చిక్కిపోయింది. అరిచేతులు సబ్బు నీళ్ళకు నాని తోలు లేచిపోయాయి. గంగులమ్మ కోడి కూర వండింది, రాగిసంగటి చేసింది. నలుగురూ వసారాలో కూర్చుని తింటున్నారు. మొదట లాడ్జి కబుర్లు చెప్పుకున్నారు. ఏ రాష్ట్రం వాళ్ళు గది ఎలా పెడతారో, ఎవరు దుప్పట్లు దొంగిలించి సంచిలో కుక్కుకుంటారో చెప్పి గ్రేసీ అందరినీ నవ్వించింది. నవ్వి నవ్వి ఆగాక, వేలితో సంగటి ముద్ద తిప్పుతూ అడిగింది:

"ఒగ మాట అడగనా పాపా? నువ్వు సదువుకున్నావు గదా. ఇప్పుడు అందురూ పొగ మానేసినారనుకో. రేపే. అన్ని బండ్లూ ఆపేసినారనుకో. మళ్ళా ఎప్పుడు బాగవుతాది సముద్రం?"

సుబ్బన్న నమలడం ఆపాడు. ఏదో ఒకటి చెప్పవే, అన్నట్టు కూతురి వైపు చూశాడు. పదేండ్లు అను. ఇరవై అను.

"మనం బతికుండంగా కాదక్కా" అంది రెబెకా. "మన పిల్లకాయలు బతికుండంగా కాదు. వాళ్ళ పిల్లకాయలు బతికుండంగా గూడా కాదు. పీల్చుకున్నది కిందికి దిగి, కరిగి, సర్దుకునేదానికి వేల ఏండ్లు పడతాది. అదీ ఈ పొద్దు ఆపేస్తే."

"ఆపరు గదా."

"ఆపరు."

గ్రేసీ తల ఊపింది. బాధపడినట్టు కనిపించలేదు. ఎప్పుడో తెలిసిన సంగతిని ఒకసారి ఖాయం చేసుకున్నట్టు ఉంది. "వాళ్ళ నాయన కాడుండే మా చిన్నోడు ఫోన్లో అడుగుతా ఉంటాడు, ఊరికి ఎప్పుడు పోదామమ్మా అని. కాలవలో చిప్పలు మళ్ళా వస్తే పోదాంలేరా అంటా ఉండా. ఇంక ఆ మాట చెప్పను" అంది. తర్వాత కంచం ముందుకు జరిపి, "రొంత పులుసు ఎయ్యి గంగులమ్మా, సంగటి గట్టిపడిపోయినాది" అంది.

గంగులమ్మ పులుసు వేసింది. తినడం అయ్యాక చేతులు కడుక్కుని, సాయంత్రం డ్యూటీ ఉందని గ్రేసీ లేచింది. సుబ్బన్న రోడ్డు దాకా ఆమెతో నడిచాడు. పుత్తూరు నుంచి వచ్చే బస్సు నిండుగా వచ్చింది. గ్రేసీ మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, లోపలికి తోసుకుంటూ పోయింది. బస్సు తిరుపతి వైపు కదిలిపోయింది. సుబ్బన్న దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి, ఇంటికి తిరిగాడు.